పదకొండో పేజీ

మంగళవారాలు నావి.
షెపర్టన్ లైబ్రరీ వెనకగదిలో, హీటరు పక్కన,
దెబ్బతిన్న పుస్తకాలు ట్రేలో ఎదురుచూస్తుంటాయి
ధర్మాసుపత్రి బెంచీమీద చీటీ పట్టుకున్నవాళ్ళలా.
వెన్ను విరిగినదొకటి.
కుక్క నమిలినదొకటి.
టీలో మునిగి, ఎండలో అప్పడమై తేలినదొకటి.

మా నాన్న కావలిలో బైండింగు చేసేవాడు.
మైదా ఉడికించి, చిటికెడు మైలుతుత్తం కలిపి,
"పురుక్కి కూడా చదవాలనుంటుందమ్మా,
దానికి మాత్రం మనం అరువివ్వం" అనేవాడు.
ఇక్కడ జిగురు సీసాలో వస్తుంది, వాసన లేకుండా.
వేళ్ళు మాత్రం ఆయనవే.

ఈ వారం వచ్చింది
నల్లహంస బొమ్మల పుస్తకం. కుట్లన్నీ ఊడాయి.
పదకొండో పేజీలో, పొగమంచు పట్టిన నదిమీద
హంస ఒక్కతే ఉంటుంది.
అంచున ఎవరో పెన్సిలుతో అడిగారు:
దీనికి చలి వెయ్యదా?

ఎవరో నాకు తెలుసు.
అక్షరాల తోకల్ని అంత పొడుగ్గా లాగేది
బేరితోటల అవతల పాలడెయిరీ వాళ్ళ హామిష్ ఒక్కడే.

దాని కింద, కుడినుంచి ఎడమకి నడిచిన జవాబొకటి.
నాకు రాదు ఆ లిపి.
దాని కింద ఇంకెవరో మాటలతో పని లేదనుకుని
హంస మెడకి ఎర్ర మఫ్లర్ గీశారు.
హంస మెడాయె,
చుట్టగా చుట్టగా మిగిలిన మఫ్లర్
పన్నెండో పేజీలోకి వేలాడింది.

రూలు ప్రకారం చెరపాలి.
నా సొరుగులో తెల్ల రబ్బరుంది, మెత్తటి బ్రష్షుంది.
"తీసేద్దాం వకుళా, కొత్తది పద్నాలుగు డాలర్లే కదా"
అంది లొరెయిన్, కళ్ళజోడు నుదుటిమీదికి తోసి.
పద్నాలుగు డాలర్లకి
మఫ్లర్ లేని హంస వస్తుంది.

బడి వదిలాక శకీబా వచ్చింది,
చేతిలో సగం కొరికిన నాషి పండు.
పేజీ చూపించి, ఏమని ఉందమ్మా, అన్నాను.
ముందు తలుపువైపు చూసింది.
తర్వాత నావైపు.
"ఖునుక్ అంటే చలి.
వేస్తుంది, కానీ అలవాటవుతుంది, అని రాశాను...
రాసుంది."
ఆ మొదటి మాట నాకు వినపడలేదు.

మరి మఫ్లర్?
"నాది కాదు." భుజాలెగరేసింది. "బాగుంది కానీ."

కంప్యూటర్ల దగ్గర్నించి ఎస్పువార్,
వాళ్ళమ్మ పళ్ళ ఫ్యాక్టరీనించి వచ్చేదాకా
రోజూ అక్కడే కూర్చునేవాడు,
తెరమీంచి కళ్ళు తియ్యకుండా అన్నాడు:
"బరిది. మా ఇంట్లో దాన్ని బరిది అంటారు."
కుర్చీ కింద ఎర్ర క్రేయాను ముక్క.
అదీ నాకు కనపడలేదు.

"మీకేంటి?" ఇద్దరూ ఒకేసారి.
చలి, అన్నాను.
"చెల్లీ?" అన్నాడు వాడు.
"చిల్లీ!" అంది ఆ పిల్ల, నాలిక బయటపెట్టి విసురుకుంటూ.
నవ్వారు. ఒకళ్ళనొకళ్ళు చూసుకుని కాదు,
నన్ను చూసి.
ఆ మాత్రం చాలు, ఒక మంగళవారానికి.

వాళ్ళు వెళ్ళాక
పాత కుట్టు విప్పి, కొత్త దారం ఎక్కించాను.
వెన్నుకి పల్చటి గుడ్డ వేసి బరువు పెట్టాను.
పదకొండో పేజీ చిరుగుకి కాగితం అతికాను,
కావలసినదానికన్నా రెండు వేళ్ళు వెడల్పుగా.
నాన్న చూస్తే "వృథా" అనేవాడు,
అంటూనే కత్తెర పక్కకి జరిపేవాడు.

హామిష్ ఇంకా జవాబు చూడలేదు.
నెలకోసారి వస్తాడు తాతతో,
గుమ్మం దగ్గర బురద బూట్లు విప్పి
మేజోళ్ళతో జారుకుంటూ లోపలికి.

ఇవాళ అరలో వెతికాను.
పుస్తకం లేదు.
ఎవరో పట్టుకెళ్ళారు.
పేరు చూడబుద్ధి కాలేదు.